చదవగలిగిన పిల్లలే చదువు చెడగొట్టుకుంటుంటే ఇంట్లో ఏం చేయాలి

తిరుపతిలో ఆదివారం ఏ ఇంటర్ హాస్టల్ గేటు దగ్గరైనా చూడండి, పలమనేరు నుంచో పుత్తూరు నుంచో పులిహోర కట్టుకొచ్చిన అమ్మానాన్నలు క్యారియర్ మూత తీయకముందే "వీక్లీ టెస్ట్‌లో ఎంతొచ్చింది?" అంటారు. ముందు ఆ ప్రశ్న మానేయండి. మార్కులు మీ ఫోన్‌కి ఎలాగూ వచ్చే ఉంటాయి.

పరీక్ష ముందు రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసేవాణ్ణి, రికార్డు రాసి కూడా ఇవ్వని అమ్మాయిని బద్ధకం అనేయడం తేలిక. చదివి ఫెయిలైతే చేతకాదని తేలిపోతుంది, చదవకుండా ఫెయిలైతే "చదివుంటే వచ్చేదే" అనుకోవచ్చు, చాలాసార్లు లోపల నడిచే లెక్క ఇదే. బెర్గ్లాస్, జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే దీని గురించి రాశారు. మార్కులు తగ్గినప్పుడల్లా నాన్న మాట్లాడడం మానేసే ఇంట్లో ఈ సాకు ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

రాత్రి పదికి ఫోన్ హాల్లో పెట్టాలి అనే రూలు పెట్టండి, తప్పేం లేదు. "నీకోసం అప్పులు చేశాం, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాం" అనే మాటలే దిగులు పెంచేవి. అలాగని తప్పంతా మీదే అనను, దిగులుగా ఉన్నవాళ్లు విసుక్కుంటారు, మీరు అరుస్తారు, వాళ్లు ఇంకా ముడుచుకుపోతారు, ఇది రెండు వైపులా నడుస్తుంది.

మార్కులు పోయిన రోజు "ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగి ఊరుకోండి. జవాబు రాకపోయినా సరే, మధ్యలో దూరకండి (కష్టమే). తర్వాత "రేపు ఈ చాప్టర్‌లో మూడు లెక్కలు చెయ్ చాలు" అనండి, తప్పొచ్చినా చేసినందుకు మెచ్చుకోండి.

టీనేజ్‌లో డిప్రెషన్ ఏడుపుగానే కాదు, చిరాకుగా కూడా కనబడుతుంది. నిద్ర, తిండి, ఆటలు, స్నేహాలు మారిపోయి రెండు వారాలు దాటితే తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. నడకదారిలో కొండెక్కి మొక్కుకోండి, మంచిదే, డాక్టర్‌ని మాత్రం వాయిదా వేయకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ 14416 రోజంతా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

"చచ్చిపోతా" అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లో మాత్రలు, కొట్టంలో పురుగుల మందు తాళం వేసి పెట్టండి.