డెంగ్యూ వైరస్ మన కణంలో చేసుకునే గదికి మోడల్ తయారు చేయడం ఎలా?

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బడుల్లో సైన్స్ ఎగ్జిబిషన్ అంటే పిల్లలు తెచ్చే వైరస్ మోడల్ దాదాపు ఒకటే: థర్మకోల్ బంతి, దానికి గుచ్చిన ముళ్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, ఆ బంతి చేసే పనేమిటో అందులో కనబడదు. అసలు పని కణంలోకి దూరాకే మొదలవుతుంది. డెంగ్యూ వైరస్ తన కాపీలు తీసుకోవడానికి కణంలో ఉన్న పొరనే లోపలికి వంచి చిన్న గదులు చేసుకుంటుంది. మనం చేయబోయేది ఆ గదిని.

కావలసినవి: ఫ్రిజ్ పెట్టెలకు వాడే మందపాటి అట్ట, రెండు మూడు బెలూన్లు, పాత పేపర్లు, మైదా, ఎరుపు, నీలం ఊలు, గుండుసూదులు, బంకమన్ను, రంగులు.

ముందు కొలత ఖాయం చేసుకోండి

ఒక నానోమీటరుకు ఒక మిల్లీమీటరు. అంటే అసలుకు పది లక్షల రెట్లు. ఈ లెక్కన కణం మొత్తం చేయాలంటే ఏ ఇరవై మీటర్ల వెడల్పో కావాలి, క్లాసు గది చాలదు. అందుకే కణంలో ఒక్క ముక్కే చేద్దాం: అంతర్జీవ ద్రవ్యజాలం పొర. కణంలో ప్రొటీన్లు తయారయ్యే మడతల పొర అదే. దాని మందం 4, 5 నానోమీటర్లు, కాబట్టి మన అట్ట మందం సరిగ్గా సరిపోతుంది.

గది కట్టడం

డెంగ్యూ గది వ్యాసం సుమారు 90 నానోమీటర్లు. మన మోడల్‌లో 9 సెంటీమీటర్లు. బెలూన్ ఊది, చుట్టూ దారం పెట్టి కొలవండి. 28 సెంటీమీటర్లు వస్తే ముడి వేసేయండి. మైదాను నీళ్లలో ఉడికించి జిగురు చేసి, పేపరు ముక్కలు ముంచి బెలూన్‌కి పొరలు పొరలుగా అంటించండి. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేత్తో పూసే జిగురులో వద్దు. ముడి దగ్గర ఒక సెంటీమీటరు వెడల్పున ఖాళీ వదలండి. ఆ ఖాళీయే గది గుమ్మం. అసలు గుమ్మం కూడా 10 నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

బాగా ఆరాక బెలూన్ పగలగొట్టి గుమ్మంలోంచి లాగేయండి. లోపల ఏముందో చూపించడానికి పక్కన ఒక కిటికీ కోయాలి. బ్లేడు పని పెద్దవాళ్లు చేస్తే మంచిది.

అతికించేటప్పుడే జాగ్రత్త

మోడల్ తప్పయ్యేది ఇక్కడే. రెండు అట్టల్ని ఎదురెదురుగా నిలబెట్టండి. ఆ రెండింటి మధ్య చోటు ద్రవ్యజాలం లోపలి భాగం, అట్టల బయట ఉన్నది కణద్రవ్యం. గది రెండు అట్టల మధ్య వేలాడాలి, గుమ్మం మాత్రం కణద్రవ్యం వైపు తెరుచుకోవాలి. చొక్కా జేబులాగా: జేబు లోపలికి ఉంటుంది, నోరు బయటికి ఉంటుంది. చాలామంది గదిని బయటికి ఉబ్బినట్టు అంటిస్తారు. అలా చేస్తే అది డెంగ్యూ కాదు.

అట్టకీ గదికీ ఒకే రంగు వేయండి. వైరస్ కొత్త గోడ తెచ్చుకోలేదు, పొరను చింపలేదు, ఉన్నదాన్నే వంచింది. రెండు రంగులు వేస్తే ఈ సంగతే చెడిపోతుంది. పొర చాలకపోతే, పొరకు ముడిసరుకైన కొవ్వు ఆమ్లాలు తయారు చేసే ఎంజైమును, అదీ కణానిదే, వైరస్ ఈ పని జరిగే చోటికి రప్పించుకుంటుంది.

పొరను వంచడంలో ఎన్ఎస్4ఏ, ఎన్ఎస్4బీ, ఎన్ఎస్1 అనే వైరస్ ప్రొటీన్లకు భాగముంది. మొదటి రెండూ పొరలోనే దిగబడి ఉంటాయి కాబట్టి గుండుసూదుల్ని గది గోడకు గుచ్చండి. ఎన్ఎస్1కి మాత్రం వేరే రంగు సూదులు వాడి, ద్రవ్యజాలం లోపలి వైపు పెట్టండి.

లోపల ఊలు

డెంగ్యూ ఆర్‌ఎన్‌ఏలో, అంటే వైరస్ జన్యు సమాచారం ఉండే పోగులో, సుమారు 11,000 అక్షరాలుంటాయి. కాపీ తీసేటప్పుడు ఏర్పడే జంటపోగును చాపితే దాదాపు 3 మైక్రోమీటర్లు, అంటే మన కొలతలో 3 మీటర్లు! మూడేసి మీటర్ల ఎరుపు, నీలం ఊలు మెలిపెట్టి ఆ 9 సెంటీమీటర్ల గదిలో కుక్కండి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆగేది ఇక్కడే, అందుకే ఒక జంటపోగును విడిగా పొడుగ్గా వేలాడదీయండి. ఇంకో ఎరుపు పోగును గుమ్మంలోంచి బయటికి లాగి ఉంచండి. అది కొత్త కాపీ.

ఈ జంటపోగు కణం కాపలా ప్రొటీన్ల కంటబడితే అలారం మోగినట్టే. గది కట్టడానికి ఒక కారణం దాన్ని దాచుకోవడం. పనికి కావలసినవన్నీ ఒకేచోట ఉండటం ఇంకో కారణం.

గుమ్మానికి ఎదురుగా ద్రవ్యజాలంలోని మరో మడత పెట్టి, దాని లోపల 6 సెంటీమీటర్ల గరుకు మట్టి బంతి ఉంచండి. అది పచ్చి వైరస్. బయటికి వెళ్లే దారిలో పక్వమై 50 నానోమీటర్ల నున్నటి బంతి అవుతుంది.

ఓపిక ఉంటే పక్కన ఒక ఛార్టు పెట్టండి. చికున్‌గున్యా కణం పైపొర దగ్గరే బయటికి ఉబ్బిన గదులు చేస్తుంది. కోవిడ్ వైరస్‌వి రెండు గోడల గదులు.

అడిగే ప్రశ్నలు

లేబుళ్లు ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి. అమ్మమ్మలు కూడా చూడ్డానికి వస్తారు. మన వైపు మొదటి ప్రశ్న "మలేరియా కూడా ఇంతేనా?" అని. కాదు, మలేరియా పరాన్నజీవి వైరస్ కాదు, అదే ఒక కణం. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ మాత్రం డెంగ్యూ కుటుంబానిదే.

"ఈ గది కట్టకుండా ఆపే మందుందా?" అని టీచర్లు అడగొచ్చు. ఎన్ఎస్3 అనే మరో వైరస్ ప్రొటీనూ, ఎన్ఎస్4బీ జతకట్టకుండా ఆపే మందుల మీద ప్రయోగాలు జరిగాయి గానీ, ఆసుపత్రిలో వాడే మందు ఇంకా రాలేదు. కాబట్టి ఛార్టు మీద మాత్ర బొమ్మ వేయకండి. జ్వరానికి పారాసెటమాల్, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకపోవడం, కడుపునొప్పి గానీ రక్తస్రావం గానీ కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లడం అని రాస్తే చాలు.