పిల్లలున్న ఇంటికి ఈ-రీడర్ కొనడం ఎలా? ముందు వత్తులు చూడండి, తర్వాతే ధర

ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదవడానికే వాడే కాగితం లాంటి తెర ఉన్న పరికరం, అనగానే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ముందు అడిగేది ధర, ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు పడతాయని. ఎన్ని పడతాయన్న బెంగ అక్కర్లేదు. 16 జీబీ పరికరంలో మామూలు పుస్తకాలు వేలల్లో పడతాయి. తెలుగు చదివే ఇంట్లో ధర కన్నా ముందు తేలాల్సింది ఒక్కటే: ఆ తెర మీద "స్త్రీ" అన్న మాట స్త్రీ లాగే కనపడుతుందా, లేక "స్‌త్‌రీ" అని ముక్కలవుతుందా? అప్పుడప్పుడే వత్తులు నేర్చుకుంటున్న పిల్లలకు ముక్కలైన అక్షరాలు చూపిస్తే నేర్చుకున్నది కూడా పోతుంది. అందుకే కింద ఆ పరీక్షకే ఎక్కువ చోటు ఇచ్చాం.

1. ఎవరి చేతికి, ఏం చదవడానికి?

రెండేళ్ల లోపు పిల్లలకు ఏ తెరా వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని, అదీ పెద్దవాళ్లు పక్కనుండగానే అని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన. ఈ-రీడర్ ఫోను లాంటిది కాదు, నిజమే. అయినా ఐదారేళ్ల లోపు పిల్లలకు అచ్చు పుస్తకమే మేలు. వాళ్లకు బొమ్మ పెద్దగా ఉండాలి, రంగులుండాలి, పేజీని వేళ్లతో తిప్పాలి. నలుపు తెలుపు తెర మీద ఎర్ర గౌను, పచ్చ చెట్టు రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. "ఎర్ర బంతి ఏదీ?" అని అడిగితే పిల్ల చూపించలేదు.

కూడబలుక్కోకుండా చదవడం వచ్చాక, అంటే ఏడెనిమిదేళ్లకు, ఈ-రీడర్ పనికొస్తుంది. కథలు, పద్యాలు, ఇంగ్లీషు కథల పుస్తకాలు దానికి సరిపోతాయి. బడి పుస్తకాల కోసం మాత్రం ఆరంగుళాల పరికరం కొనకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి వస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ఆ రెండు పేజీలూ పక్కపక్కన కనపడకపోతే పుస్తకం అలా వేసిన ప్రయోజనమే ఉండదు.

2. తెలుగు పరీక్ష

అమెజాన్ ఈ-రీడర్ పేరు కిండిల్. దాని స్టోర్‌లో 2016లో భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు. కాబట్టి ఏ కంపెనీ పరికరమైనా తెలుగు బాగా వస్తుందని ముందే నమ్మి డబ్బు కట్టకండి. పరీక్ష ఫైలును ఇంట్లోనే ఇలా తయారు చేసుకోవచ్చు.

కంప్యూటర్‌లో లిబ్రే ఆఫీస్ రైటర్ తెరవండి, అది ఉచితం. యూనికోడ్ (ఏ పరికరమైనా తెలుగుగానే గుర్తించే పద్ధతి) తెలుగు ఫాంటు పెట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఈ మాటలు టైపు చేయండి: స్త్రీ, జ్ఞానం, క్షేత్రం, కృష్ణ, ఆర్ద్ర, వస్త్రం, లక్ష్మి, నెల్లూరు, ఒంగోలు, మార్కాపురం. కింద ఏదైనా వేమన పద్యం ఒకటి చేర్చండి. దీన్నే రెండు రకాలుగా దాచండి, ఒకటి పీడీఎఫ్, రెండోది ఈపబ్ (తెర సైజును బట్టి పరికరమే అక్షరాలను పేర్చుకునే పుస్తకం ఫైలు). రైటర్‌లోని ఎక్స్‌పోర్ట్ మెనూలో రెండూ ఉంటాయి.

రెండింటినీ పరికరంలోకి ఎక్కించి పక్కపక్కన పోల్చండి (తీగతో ఎక్కించిన ఈపబ్‌ను కిండిల్ తెరవదు, దాన్ని అమెజాన్ సెండ్ టు కిండిల్ ద్వారా పంపాలి). పీడీఎఫ్‌లో అక్షరాలు సరిగ్గానే వస్తాయి, ఎందుకంటే ఫాంటు ఆ ఫైలులోనే కూర్చుని ఉంటుంది. అసలు పరీక్ష ఈపబ్‌కే. "క్షేత్రం"లో క్రావడి త కింద పడిందా, "ఆర్ద్ర"లో వత్తులు రెండూ దిగాయా, "లక్ష్మి"లో మ వత్తు ఉందా, ఏ మాటలోనైనా పొల్లు విడిగా కనపడుతోందా చూడండి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే పరికరంలో తెలుగు ఫాంటు లేనట్టు. కిండిల్‌ను యూఎస్‌బీ తీగతో కలిపినప్పుడు కనిపించే ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో మన ఫాంటు ఫైలు పెట్టుకోవచ్చు. కోబో అనే ఇంకో కంపెనీ ఈ-రీడర్‌లో ఆ ఫోల్డర్‌ను మనమే తయారు చేసుకోవాలి. ఫాంటు పెట్టాక కూడా వత్తులు కిందికి దిగకుండా పక్కనే నిలబడితే తప్పు ఫాంటుది కాదు. అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదన్నమాట. ఇంకో పది ఫాంట్లు మార్చినా అంతే. ఆ పరికరంలో ఇక తెలుగు పీడీఎఫ్‌గానే చదవాలి, లేదా వాపసు గడువులోగా తిప్పి పంపాలి.

ఇంకో చిక్కు ఉంది. ఊళ్లో డీటీపీ చేసేవాళ్ల దగ్గర అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లు చాలా ఉంటాయి. అవి యూనికోడ్ కావు. అలాంటి పీడీఎఫ్‌ను ఈపబ్‌గా మారిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి వస్తుంది. పరికరం పాడైందని కంగారు పడకండి. ఆ ఫైలును మార్చకుండా పీడీఎఫ్‌గానే వాడండి.

3. తెర సైజు: స్కేలు పెట్టి కొలవండి

ఆరంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు ఆరంగుళాలు. వెడల్పు దాదాపు 9 సెంటీమీటర్లు, ఎత్తు 12. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. ఏ4 పీడీఎఫ్‌ను ఈ తెర మీద తెరిస్తే సగం కన్నా చిన్నదవుతుంది. 14 పాయింట్లలో ఉన్న అక్షరం 6 పాయింట్లకు పడిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు 6 పాయింట్లలో కష్టంగానైనా చదవగలం. తెలుగులో తలకట్టు, గుడి, దీర్ఘం పైన, వత్తు కింద ఉంటాయి కాబట్టి పిల్లల కళ్లకు ఏదీ విడిగా అందదు. తెర అడ్డంగా తిప్పితే 8 పాయింట్లు వస్తుంది. 10.3 అంగుళాల తెర మీద నిలువుగానే 10 దాటుతుంది, కానీ దాని ధర ఎక్కువ, బరువూ ఎక్కువ, పిల్లలు ఒంటిచేత్తో పట్టుకోలేరు.

దీనికి డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. లిబ్రే ఆఫీస్‌లో పేజీ వెడల్పు 9, ఎత్తు 12 సెంటీమీటర్లు పెట్టండి, అంచులు అర సెంటీమీటరు చాలు. అక్షరం 16 నుంచి 18 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం. ఇప్పుడు పీడీఎఫ్ చేస్తే తెరకు అచ్చంగా సరిపోతుంది, వత్తులు చెదరవు. అవ్వ చెప్పే కథలు రాసుకుని ఇలా పుస్తకం చేసి పిల్లల చేతికిస్తే, తెలుగు పుస్తకాల కొరత సగం తీరుతుంది.

మిగతా సగానికి రెండు ఉచిత చోట్లున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయుల్లో ఉన్నాయి, దించుకోవచ్చు. ఒకటి, రెండు స్థాయులు బొమ్మల మీదే నడుస్తాయి, వాటిని రంగుల తెర మీద పెద్దవాళ్లు పక్కన కూర్చుని చూపించాలి. మూడు, నాలుగు స్థాయులు ఈ-రీడర్‌కు బాగుంటాయి. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాలను ఈపబ్‌గా తీసుకోవచ్చు. శతక పద్యాలు నేర్పేవాళ్లకు అది పెద్ద ఆసరా.

4. దీపం, నీళ్లు, రంగు

ఈ-రీడర్లలో వాడే ఈ-ఇంక్ తెర లోపల వెంట్రుక మందం గుళికలుంటాయి, వాటిలో నల్లవి, తెల్లవి రేణువులు. పేజీ తిప్పినప్పుడే అవి కదులుతాయి, ఆ తర్వాత కదలకుండా నిలబడటానికి కరెంటు అక్కర్లేదు. దీపం తక్కువ పెట్టుకుని, వైఫై ఆపితే ఒక్క చార్జింగ్ వారాలు వస్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి లాంటి రోజుల్లో, ఫోను చార్జింగ్ దాచుకోవాల్సి వచ్చినప్పుడు, పిల్లల చేతిలో ఇది ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

ముందు దీపం ఉన్నదే తీసుకోండి. ఆ వెలుగు తెర అంచుల నుంచి పేజీ మీద పడుతుంది, ఫోనులాగా వెనక నుంచి కంట్లోకి కొట్టదు. దోమతెరలో పడుకుని చదివే పిల్లలకు ఇది తప్పదు. పసుపు వెలుగుకు మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది.

ఐపీఎక్స్8 అంటే నీళ్లలో పడినా తట్టుకుంటుందని అర్థం. కిండిల్ పేపర్‌వైట్ విషయంలో 2 మీటర్ల మంచినీళ్లలో గంటసేపు. ఉప్పునీళ్లలో పావు మీటరు లోతున 3 నిమిషాలే. మైపాడుకో కొత్తపట్నానికో వెళ్లేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. అలల్లో పడితే వెంటనే మంచినీళ్లతో కడిగి, చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా నిలబెట్టి పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టాలి. ఇసుకకు ఐపీఎక్స్8 రక్షణ కాదు, అది నీళ్ల మాటే చెబుతుంది. బీచ్‌కు జిప్ కవరులో పెట్టి తీసుకెళ్లండి.

రంగుల ఈ-రీడర్లు వచ్చాయి. కెలీడో 3 రకం తెరల్లో నలుపు అక్షరాలు అంగుళానికి 300 చుక్కలతో వస్తే, రంగు బొమ్మలు 150తోనే వస్తాయి. రంగులు వార్తాపత్రిక ఆదివారం అనుబంధంలో ఉన్నంత పాలిపోయి ఉంటాయి, తెర కూడా కొంచెం మసకగా ఉంటుంది. కథలు చదివే వయసుకు నలుపు తెలుపే హాయి. మిగిలిన డబ్బు అచ్చు బొమ్మల పుస్తకాల మీద పెట్టండి.

5. అట్ట, బిల్లు, మొదటి రోజు

మార్కాపురం రాతి పలక మూల విరిగినా రాసుకోవడానికి పనికొచ్చేది. ఈ-రీడర్ లోపలి గాజు పలక అట్టా కాదు. పైన ప్లాస్టిక్ మీద గీత కూడా లేకుండా లోపల గాజు చిట్లుతుంది. తెరలో సగం పాత పేజీ అలాగే అంటుకుపోయి, మిగతా సగంలో నిలువు గీతలు కనిపిస్తే అది గాజు పగులే, చార్జింగ్ సమస్య కాదు. కింద పడటం కన్నా బడి సంచిలో లెక్కల పుస్తకాల మధ్య నొక్కుకోవడం వల్ల, మంచం మీద వదిలేసి పైన కూర్చోవడం వల్ల ఎక్కువ పగులుతాయి. అందుకని మెత్తటి సంచి చాలదు, ముందు వైపు గట్టి అట్ట ఉండి మూసుకునే కవరు కావాలి. తెర మార్పించే ఖర్చు చాలాసార్లు కొత్తదాని ధరకు దగ్గరగా వస్తుంది కాబట్టి కవరు దగ్గర పొదుపు వద్దు. ఆరంగుళాల కిండిల్ బరువు 158 గ్రాములు. కవరుతో కలిపి పావుకిలో అటూ ఇటుగా ఉంటే ఎనిమిదేళ్ల పిల్లలు మోయగలరు.

బయటి దేశం నుంచి తెప్పించిన పరికరమైతే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో అమ్మేవాళ్ల చేత రాయించుకోండి. పొదిలి, కనిగిరి లాంటి ఊళ్లకు వాపసు పికప్ ఉందో లేదో పిన్‌కోడ్ కొట్టి చూసుకోండి. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి. ఆ రోజే తెర మీద చుక్కలు, గీతలు, దీపం మచ్చలు చీకట్లో చూసి, పైన చెప్పిన తెలుగు ఫైలు ఎక్కించి చూడండి. పుట్టినరోజు కానుకని డబ్బా దాచిపెడితే వాపసు గడువు దాటిపోతుంది.

6. పిల్లల చేతికిచ్చే ముందు

కిండిల్ అయితే సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కు వెళ్లి స్టోర్, బ్రౌజర్, క్లౌడ్ మూడూ ఆపేసి పాస్‌వర్డ్ పెట్టండి. లేకపోతే ఒక్క తాకుడుతో పుస్తకం కొనేస్తారు, డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు తెలిసి ఉండాలి. మరిచిపోతే పరికరాన్ని మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి, మీరు ఎక్కించిన ఫైళ్లు పోతాయి. వాటి నకలు కంప్యూటర్‌లో ఉంచుకోండి. పుస్తకాలు ఎక్కించాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఇవ్వండి.

ఇద్దరు పిల్లలు ఒకే పుస్తకం చదువుతుంటే "నా పేజీ పోయింది" అని తగవు తప్పదు. అదే పీడీఎఫ్‌ను ఒకటి అక్క పేరుతో, ఒకటి తమ్ముడి పేరుతో రెండుసార్లు ఎక్కించండి. ఎవరి పేజీ వాళ్లకు నిలుస్తుంది.

పాత పేజీ నీడ లీలగా కనపడితే భయం లేదు, పేజ్ రిఫ్రెష్ ఆన్ చేస్తే పోతుంది. ఎంత తాకినా కదలకపోతే కిండిల్ పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎండలకు మాత్రం జాగ్రత్త. ఈ పరికరాలు 35 డిగ్రీల వరకు వాడటానికి తయారైనవి. మన రోహిణి కార్తె ఎండ 40 దాటుతుంది. మధ్యాహ్నం కారు డాష్‌బోర్డు మీద, రేకుల షెడ్డులో, కిటికీ పక్కన చార్జింగ్‌లో వదిలేయకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక అట్ట లేచినట్టు కనిపిస్తే ఇక చార్జింగ్ పెట్టొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. వేసవి సెలవుల్లో వాడకుండా పక్కన పెట్టేటట్టయితే సగం చార్జింగ్‌తో ఆపేసి, చల్లగా ఉండే గదిలో బీరువాలో పెట్టండి.