గడప దాటలేని మనిషికి తోడుండేవాళ్లు ఏం చేయాలి?

మా ఆవిడకి అగోరాఫోబియా. ఒక దశలో చెత్తబుట్ట పెట్టడానికి కూడా తలుపు దాటేది కాదు. "నాలుగు రోజులు ఊరు తిప్పు, అదే పోతుంది" అనేవారు చుట్టాలు. పోదు.

బస్సులో, క్యూలో, జనంలో దడ మొదలైతే బయటపడలేనేమో, ఎవరూ ఆదుకోరేమో అన్నదే ఈ భయం. అందుకని ఒక్కో చోటికీ వెళ్లడం మానేస్తారు. మానినప్పుడల్లా ప్రాణం కుదుటపడుతుంది, భయం ఇంకాస్త ముదురుతుంది.

ఆ దడ గుండె వల్లో థైరాయిడ్ వల్లో కాదని తేల్చుకోవడానికి ముందు ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించి, తర్వాత సైకియాట్రిస్టుకి చూపించండి. మనిషి కదల్లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనుంది అనే మాట వినిపిస్తే మాత్రం క్షణం ఆగకండి, వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సాధారణంగా ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు రాస్తారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో టెన్షన్ కొంచెం పెరగొచ్చు, అది డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపేయొద్దు. ఆల్ప్రాజోలామ్ వెంటనే నెమ్మదింపజేస్తుంది కానీ అలవాటైపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సరుకు కాదది.

అసలు పని సైకాలజిస్టుతో కూర్చుని రాసుకునే జాబితాతో మొదలవుతుంది. మాది ఇలా ఉండేది: గడప మీద నిలబడటం, మెట్ల మలుపు, వాచ్‌మన్ గది, సందు చివర కిరాణా కొట్టు, ఒక్క స్టాప్ దూరం సిటీ బస్సు. ఒక్కోదానికీ భయం పదికి ఎంతో ఆవిడే వేసుకుంది. తక్కువ మార్కులున్న దానితో మొదలుపెట్టాలి. దడ వచ్చినా అక్కడే నిలబడాలి. తనంతట అదే తగ్గుతుందని ఒళ్లు నేర్చుకోవాలి కదా. భయం బాగా ఎక్కినప్పుడే లోపలికి వచ్చేస్తే ఆ పాఠం అందదు. విసుగొచ్చేదాకా రోజూ జాబితాలో అదే మెట్టు. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో మాత్రం ఆవిడే చెప్పాలి, మనం తొయ్యకూడదు.

ఇక మన సంగతి. మనం పక్కనుంటేనే కదలగలను అన్నట్టు మన తోడే మందయిపోతుంది, జాగ్రత్త. మొదట పక్కన నడవండి, తర్వాత పది అడుగుల వెనక, ఆపైన సందు మొదట్లో ఆగిపోండి, చివరికి ఇంట్లోనే ఉండండి. చేతిలో నీళ్ల సీసా, పర్సులో మాత్రల స్ట్రిప్పు కూడా అలాగే ఒక్కోటీ ఇంట్లో వదలాలి. అస్తమానం "ఏం కాదు, ఏం కాదు" అనకండి. "ఇప్పుడు పదికి ఎంత?" అని అడగండి, చాలు.

జ్వరం వచ్చో, వానలు పడో నాలుగు రోజులు ఆగిపోతే, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టండి.