పాత ఆపరేషన్ ఉన్న కిడ్నీలో మళ్లీ రాయి: పీసీఎన్ఎల్‌కి ముందు జాగ్రత్తలు

ఒకప్పుడు నడుము పక్కన పెద్ద కోత పెట్టి రాయి తీయించుకున్నవాళ్లకు, ఏళ్లు గడిచాక అదే కిడ్నీలో మళ్లీ రాయి రావడం మామూలే. రాయి రెండు సెంటీమీటర్లు దాటితే సాధారణంగా పీసీఎన్ఎల్ అనే ఆపరేషన్ చెబుతారు. వీపు వైపు నుంచి సుమారు సెంటీమీటరు రంధ్రం చేసి, రాయిని లోపలే పగలగొట్టి తీస్తారు. పాత కోత ఉన్నా ఇది చేయొచ్చు. కాకపోతే సన్నాహం మొదటిసారి ఆపరేషన్‌కి చేసినట్టు చేస్తే చాలదు.

పాత ఆపరేషన్ తర్వాత కిడ్నీ చుట్టూ గట్టి మచ్చ కడుతుంది. సూది గుచ్చాక దారిని వెడల్పు చేసే డైలేటర్ ఆ మచ్చ దగ్గరే ఆగిపోతుంది. బలంగా తోస్తే గైడ్‌వైర్ (డైలేటర్‌కు దారి చూపే సన్నని తీగ) మడతపడి దారి తప్పుతుంది, లేదా డైలేటర్ ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి కిడ్నీ అవతలి గోడను చీలుస్తుంది. రక్తం పోయేది ఇక్కడే. బెలూన్ డైలేటర్ కూడా మచ్చ ఉన్నచోట పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. అందుకే అనుభవమున్న సర్జన్లు గట్టి వైరు, మెటల్ డైలేటర్లు ముందే సిద్ధం చేసుకుంటారు, రెండో వైరును సేఫ్టీ కోసం లోపల ఉంచుతారు. ఇవి సమకూర్చుకోవాలంటే పాత ఆపరేషన్ సంగతి వాళ్లకు ముందే తెలియాలి. పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతికి తీసుకెళ్లండి. దొరకకపోతే ఏ ఏడాది, ఏ వైపు, రాయికా మరి దేనికైనా, మూత్రనాళంలో స్టెంట్ (సన్నని గొట్టం) వేశారా, తీశారా అన్నది కాగితం మీద రాసివ్వండి. పేగులకు, గర్భసంచికి, వెన్నుకు జరిగిన ఆపరేషన్లూ చెప్పాలి. వెన్నులో రాడ్లు ఉంటే బోర్లా పడుకోబెట్టడం, మత్తు ఇవ్వడం రెండూ మారతాయి.

కాంట్రాస్ట్ (నరానికి ఎక్కించే రంగు మందు) లేని సీటీ స్కాన్ కొత్తగా తీయించండి. అల్ట్రాసౌండ్ రిపోర్టుతో సరిపెట్టుకోవద్దు. కొందరిలో పెద్దపేగు కిడ్నీ వెనక్కి జరిగి సరిగ్గా సూది దారిలోనే ఉంటుంది. అది సీటీలోనే స్పష్టంగా కనిపిస్తుంది. కిడ్నీ బాగా పాడైందన్న అనుమానం ఉంటే ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే డీటీపీఏ స్కాన్ కూడా కావాలి. దాదాపు పనిచేయని కిడ్నీలో రాయి తీసినా లాభం తక్కువ.

యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే పరీక్ష) కనీసం పది రోజుల ముందే ఇవ్వండి. మామూలు మూత్ర పరీక్ష దీనికి బదులు కాదు. కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, బ్యాక్టీరియా దొరికితే దానికి తగిన యాంటీబయాటిక్ ముందుగా వాడాలి. రాయి పగిలేటప్పుడు లోపలి బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తే సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్ర ఇన్ఫెక్షన్) వస్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం, చలి ఉంటే దాచకండి. అలాంటప్పుడు ముందు స్టెంటో, నెఫ్రోస్టమీ గొట్టమో (వీపు నుంచి కిడ్నీలోకి వేసి మూత్రాన్ని బయటికి తీసేది) వేసి, ఇన్ఫెక్షన్ తగ్గాకే రాయి జోలికి వెళ్తారు.

రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మందులు సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు కార్డియాలజిస్టు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ చూపించుకుని, మీ బ్లడ్ గ్రూప్ రక్తం సిద్ధంగా ఉందో లేదో అడగండి.

ఒక్క సిట్టింగ్‌లో రాయి మొత్తం వస్తుందని లెక్క వేసుకోవద్దు. పాత మచ్చ వల్ల కిడ్నీలోని గదుల్లోకి వెళ్లే దారులు సన్నబడి, ముక్కలు మిగిలే అవకాశం ఉంది.

ఇంటికొచ్చాక మూత్రం లేత గులాబీ రంగులో కొన్నాళ్లు రావచ్చు. రెండు మూడు వారాల లోపు ఎప్పుడైనా ఎర్రటి రక్తం, గడ్డలు పడితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి; రక్తనాళం నుంచి కారుతుంటే యాంజియోగ్రామ్‌లో ఆ నాళాన్ని లోపలి నుంచి మూసేసి (ఎంబోలైజేషన్) ఆపుతారు. ఆపరేషన్‌లో మూత్రనాళంలో డీజే స్టెంట్ వేసి ఉంటే, అది తీసే తేదీ డిశ్చార్జ్ రోజే రాయించుకోండి. నెలల తరబడి వదిలేస్తే దాని మీదే రాయి కడుతుంది.