ఆడపిల్ల చెట్టెక్కుతుంటే ఏం చెయ్యాలి

కోవూరు దగ్గర హైస్కూల్లో 22 ఏళ్లుగా డ్రిల్లు టీచర్‌ని. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు టెన్నిస్ బంతి ఇచ్చి విసరమంటాను. మగపిల్లలు ఎక్కువమంది కాలు ముందుకేసి, నడుం తిప్పి విసురుతారు. ఆడపిల్లల్లో చాలామంది నిలబడ్డచోటే నిలబడి మోచేత్తో తోస్తారు. "ఆడపిల్లలు కదా టీచర్" అంటారు తల్లులు. నేను ఒప్పుకోను. వాళ్ల చేతికి ఇంట్లో ఎవరూ బంతి ఇవ్వలేదు.

2000లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. 11 నెలల పిల్లలు ఎంత వాలున్న బల్ల మీంచి పాకి దిగగలరో తల్లులనే చెప్పమన్నారు. కొడుకున్న తల్లులు ఎక్కువ చెప్పారు, కూతురున్న తల్లులు తక్కువ చెప్పారు. పాకించి చూస్తే ఆడా మగా ఒకటే.

నేనూ ఆ తల్లుల్లో ఒకదాన్నే. మా పెరటి జామచెట్టు పైకొమ్మకు మావాడు ఎక్కితే "నాకో కాయ కొయ్యరా" అన్నాను. మా అమ్మాయి మొదటి కొమ్మ మీద కాలు పెట్టగానే "దిగమ్మా, పడతావు" అన్నాను. ఇప్పుడు తనకు పాతికేళ్లు. స్కూటీ తాళం చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేస్తుంది. నాకది ఇప్పటికీ బాధే.

అందుకే ముందు మీ నోటిని గమనించండి. ఒక ఆదివారం పిల్లల్ని మైపాడు బీచ్‌కి తీసుకెళ్లి, "పడతావు", "వద్దు", "జాగ్రత్త" అని ఎవరితో ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టుకోండి. "పడతావు" అనే బదులు "ఇప్పుడు కాలు ఎక్కడ పెడతావు?" అని అడగండి. అలా అడిగితే పిల్ల కొమ్మను చూసుకుంటుంది. మీరు చేయి అందేంత దూరంలో ఉండండి, పట్టుకోకండి.

విసరడం నేర్పడానికి కాంపౌండు గోడ మీద సుద్దతో పెద్ద సున్నా గీయండి. కుడిచేతి పిల్లయితే ఎడమ భుజం గోడవైపు తిప్పి నిలబెట్టండి. మోచేయి భుజం ఎత్తుకు రావాలి, ఎడమ కాలు ముందుకు వెయ్యాలి, నడుం తిరగాలి. రోజుకు ఇరవై విసుర్లు చాలు. సున్నాకు తగలడం మొదలయ్యాక ఒక అడుగు వెనక్కి జరపండి.

కాలి పట్టీలు తీసేయండి, గౌను కింద ట్రాక్ ప్యాంటు వెయ్యండి.

సాయంత్రం అయిదింటికి కొడుకు బ్యాటు పట్టుకుని వెళ్తాడు, కూతురు పాలప్యాకెట్టుకు వెళ్తుంది. ఆ పని రోజుమార్చి రోజు వాడికి చెప్పండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందులో ఆడపిల్లకు తక్కువని ఎక్కడా లేదు. పెద్దమనిషి అయ్యాక కూడా ఆ గంట కోయకండి. ఏడు, ఎనిమిది తరగతుల్లోనే గ్రౌండుకు రావడం మానేస్తారు. సంచిలో ప్యాడ్లు, ఇంకో జత బట్టలు పెట్టి పంపితే చాలామంది వస్తారు.

చెట్టెక్కే పిల్ల ఎప్పుడో ఒకసారి పడుతుంది. కేక వెయ్యకండి. తలకు తగిలిందా, చేయీ కాలూ కదులుతున్నాయా చూడండి. మోకాలు గీరుకుపోయి ఉంటే సబ్బుతో, కొళాయి నీళ్లతో కడగండి. తర్వాత ఆ చెట్టు దగ్గరే కాసేపు కూర్చోండి. మళ్లీ ఎక్కుతానంటే ఎక్కనివ్వండి.