క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కేవారికి వేసవి జాగ్రత్తలు

అరిజోనాలోని ఫీనిక్స్ నగరం నడుమ ఒంటె మూపురంలా కనిపించే క్యామెల్‌బ్యాక్ కొండ ఎత్తు సముద్ర మట్టం నుంచి 2,704 అడుగులే. ఎకో కాన్యన్ దారిలో శిఖరానికి దూరం సుమారు రెండు కిలోమీటర్లు. ఈ అంకెలు చూసే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఆ కొద్ది దూరంలోనే 1,200 అడుగులకు పైగా ఎక్కాలి, కొన్నిచోట్ల ఇనుప కమ్మీలు పట్టుకుని, చేతులు ఆనించి బండల మీదుగా పాకాలి.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లమన్న ధీమా ఇక్కడ పనికిరాదు. కోస్తా ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దవుతుంది కనుక ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. ఈ ఎడారి పొడిగాలిలో చెమట పుట్టగానే ఆవిరైపోతుంది కనుక ఎంత నీరు కోల్పోయామో తెలియకుండానే కాళ్లు తడబడతాయి. 2023లో జూన్ 30 నుంచి జులై 30 వరకు 31 రోజులపాటు ఫీనిక్స్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ప్రతిరోజూ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. అటువంటి రోజుల్లో రాత్రంతా వేడిని వదులుతూనే ఉన్న బండలు తెల్లవారేసరికి కూడా పూర్తిగా చల్లారవు.

తీవ్ర ఎండ హెచ్చరిక వెలువడిన రోజున నగరపాలక సంస్థ ఈ దారులను పగటివేళ మూసివేస్తుంది. మూయలేదంటే క్షేమమని అర్థం చేసుకోకూడదు. సూర్యోదయానికి బయలుదేరి, ఎండ ముదరకముందే కిందికి దిగిపోవాలి. కొత్తగా వచ్చినవారి శరీరం ఈ వేడికి అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కనుక, వేసవిలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను, ముఖ్యంగా రక్తపోటుకు మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవారిని, దయచేసి ఈ కొండ ఎక్కించకండి.

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. ఉప్పు అందకుండా ఒట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదీ ప్రాణాంతకమవుతుంది. అందుకే ఓఆర్‌ఎస్ పొట్లాలో, ఉప్పు వేసిన పల్లీలో వెంట ఉంచుకోవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒక్కటే: తెచ్చుకున్న నీటిలో సగం అయిపోకముందే, శిఖరం కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. దిగేటప్పుడు ఎండ మరింత పెరుగుతుంది, అలసిన మోకాళ్లు వణుకుతాయి, రాలిన గులకరాళ్లపై కాలు జారుతుంది.

తోటివారిలో తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే నీడలో కూర్చోబెట్టి చల్లబరచాలి. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా అది వడదెబ్బే, చెమట ఇంకా పడుతున్నా సరే. ఆలస్యం చేయకుండా 911కు ఫోన్ చేసి, ఏ దారిలో ఎంత దూరంలో ఉన్నారో చెప్పాలి. సహాయక సిబ్బంది వచ్చేవరకు మెడ, చంకలు, గజ్జలు తడుపుతూ విసరాలి, స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.