క్వారీ గుంతలో ఊట ఎంత వస్తోంది? వీ-నాచ్‌తో కొలిచే పద్ధతి

మోటారు ఎన్ని గంటలు నడిచిందో రాసుకుంటే ఊట లెక్క తేలదు. ఫుట్‌వాల్వ్‌కు చెత్త పడితే అదే గంటలో తక్కువ నీళ్లు తోడుతుంది, పైగా వాన నీళ్లూ అందులోనే కలుస్తాయి. సూర్యాపేట జిల్లా మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి క్వారీల్లో రాతిపొరల సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. అవి సంపులో పడకముందే, కాలువలోనే, వీ ఆకారపు గంటు (వీ-నాచ్) కోసిన రేకుతో కొలవాలి.

ముందు గుంత పైఅంచు చుట్టూ కాలువ తవ్వి బయటి వాన నీళ్లను మళ్లించండి. ఊట అంతా ఒకే కాలువలోకి వచ్చేలా చేసి, కింది మెట్టు మీద మీటరు వెడల్పున తిన్నగా సిమెంటు చేయించండి. దానికి అడ్డంగా 3 మి.మీ. స్టీలు రేకు నిలబెట్టాలి. నాచ్ 20 సెం.మీ. లోతు ఉంటే పైన వెడల్పు సరిగ్గా 40 సెం.మీ. రావాలి, అప్పుడే అది 90 డిగ్రీలు. అంచు ఒకటి రెండు మి.మీ. మందమే ఉండి, ఏటవాలు నీళ్లు పడే వైపుకు తిరగాలి. నాచ్ మొన కాలువ అడుగుకు 45 సెం.మీ. పైన ఉండాలి. అవతలి నీటిమట్టం మొనకు కనీసం 6 సెం.మీ. కింద ఉండాలి, లేకపోతే నీళ్లు ఎదురుతన్ని లెక్క తప్పుతుంది.

స్కేలును రేకుకు అతికించకండి. నాచ్ దగ్గర నీళ్లు వంగి దిగుతాయి కాబట్టి 80 సెం.మీ. ఎగువన బిగించాలి. ఎక్కువ మంది తప్పేది సున్నా గుర్తు దగ్గరే. నీళ్లు కారడం ఆగిన చోట సున్నా పెడతారు, కానీ నీళ్లు అంచును పట్టుకుని మొనకంటే కాస్త పైనే ఆగుతాయి. లెవెల్ పైపుతో మొన ఎత్తును స్కేలు మీదికి తేవాలి.

మొన నుంచి నీటిమట్టం ఎత్తును సెం.మీ.లో చదివి, దాన్ని 2.5 ఘాతానికి హెచ్చించి 0.0138తో గుణిస్తే సెకనుకు లీటర్లు వస్తాయి. 5 సెం.మీ.కు 0.77, 10కి 4.4, 15కు 12. అంటే 10 సెం.మీ. దగ్గర రోజుకు సుమారు 3.77 లక్షల లీటర్లు. 5 సెం.మీ. దగ్గర ఒక్క మి.మీ. తప్పు చదివినా 5 శాతం తేడా. అంతకంటే తక్కువైతే 20 లీటర్ల బకెట్టు, స్టాప్‌వాచే నయం.

నాచ్‌లో ఆకు ఇరుక్కుంటే నీటిమట్టం లేచి, ఊట పెరిగినట్టు కనిపిస్తుంది. చదివే ముందు పాచి, ఆకులు తీసి పావుగంట ఆగండి. ఎగువన మేట పేరుకుంటే తీసేయండి.

అంకె పక్కన వాన, బ్లాస్టింగ్, నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన తేదీలు రాయకపోతే ఆ పుస్తకం దండగ. హెక్టారు మీద 1 మి.మీ. వాన పడితే 10 వేల లీటర్లు. వాన లేకుండా, సాగర్ కాలువ పారకుండా ఊట పెరిగితే మీరు తోడి పోసే చెరువు మీద అనుమానపడండి. నీళ్లు ఇంకకుండా అడుగున పట్టా పరవని చెరువు గుంత పక్కనే ఉంటే అవే నీళ్లు తిరిగొస్తాయి. రెండు మూడు రోజులు నీళ్లను దూరంగా వేరే చోటికి పంపి, నాచ్ చూడండి. తగ్గితే దొంగ దొరికినట్టే.

బయటికి వదిలే ముందు రెండు గదుల చెరువులో మట్టి పేరనివ్వాలి. పీహెచ్ 5.5 నుంచి 9, తేలే మట్టి లీటరుకు 100 మి.గ్రా. దాటకూడదు. బొగ్గు గనిలో పైరైట్ అనే గంధకం ఉన్న ఖనిజం వల్ల నీళ్లు పుల్లబారతాయి, సున్నపురాయిలో ఆ బెడద తక్కువ. కానీ మన జిల్లా నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష తప్పదు: తాగడానికి లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉంటే మంచిది, 1.5 ఆఖరి హద్దు.